నల్లరేగడి మీద కొత్త గది

"ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు" అన్నారు పెద్దలు. మా నాన్న ఆ రెండూ ఒకే ఏడాది చేశారు. అన్నయ్య పెళ్లికని పాత ఇంటికి తూర్పున ఒక గది కలిపారు. ఆ ఏటి ధాన్యం డబ్బంతా అందులోనే పోశారు. ఏడాది తిరక్కుండానే పాత గోడకీ కొత్త గోడకీ మధ్య పైనుంచి కింద దాకా బీట పడింది.

విచిత్రమేమిటంటే, వేసవిలో ఆ బీటలో రూపాయి బిళ్ల దూరేది. శ్రావణం వచ్చేసరికి కాగితం కూడా దూరేది కాదు. నాయనమ్మ వాస్తు దోషమంది. మేస్త్రి సిమెంటు దోషమన్నాడు. రెండుసార్లు పూడ్పించాం, రెండుసార్లూ విచ్చుకుంది. బీట ఋతువుల్ని బట్టి నడుస్తున్నదంటే కారణం గోడలో కాదు, నేలలో ఉండాలని నాకు తోచింది.

మాది గుడివాడ వైపు పల్లె. బెజవాడలో ఇంద్రకీలాద్రిని ఆనుకొని ఇల్లు కట్టేవారికి కింద రాయి తగులుతుంది. మాకు తగిలేది జిగట మట్టి. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణమ్మ దక్కను నల్లరేగడి నేలల మీదుగా వస్తూ మోసుకొచ్చిన ఒండ్రు అది. ఇటువంటి మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం ఉంటుంది. దాని కణాలు పుస్తకంలో పేజీల్లాగా పొరలు పొరలుగా అమరి ఉంటాయి. ఆ పొరల మధ్య నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆరితే కుంచించుకుపోతుంది. ఎండాకాలం మాగాణిలో నెర్రెలు విచ్చేది అందుకే.

రుజువు కోసం కాలేజీ లాబ్‌లో ఒక పరీక్ష చేశాను. పునాది పక్క మట్టిని ఎండబెట్టి, నూరి, సన్న జల్లెడ పట్టి, రెండు కొలజాడీల్లో 10 సి.సి. చొప్పున పోశాను. ఒకదానిలో నీళ్లు, రెండోదానిలో కిరసనాయిలు. కిరసనాయిలుకు ఈ మట్టి ఉబ్బదు. 24 గంటల తరువాత చూస్తే కిరసనాయిలులో 10, నీళ్లలో 17. అంటే ఉబ్బు 70 శాతం! 50 దాటిందంటేనే జాగ్రత్తపడాలి.

దాంతో మా తప్పులు తేలిపోయాయి. పాత ఇంటి కింది మట్టి ఏళ్ల తరబడి కప్పు నీడన ఉండి ఒక తేమకు అలవాటుపడింది. కొత్త పునాది మూడడుగులే. అది ఎండకు దిగుతుంది, వానకు లేస్తుంది. పైగా స్నానాల నీళ్లు ఆ మూలకే పోతాయి. ఇవి చాలక పాత గోడ ఇటుకలు పీకి కొత్త గోడను అందులోకి కలిపాం. కదిలే ఎద్దునీ కదలని ఎద్దునీ ఒకే కాడికి కట్టినట్టయింది.

ఇటువంటి నేలలకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్‌రీమ్డ్ పైల్స్ పద్ధతిని వృద్ధి చేసింది. సుమారు మూడున్నర మీటర్ల లోతున సన్నని గుంట తీసి, అడుగున దానికి రెండున్నర రెట్ల వెడల్పున ఉల్లిపాయ ఆకారంలో తొలిచి, ఇనుము దించి కాంక్రీటు పోస్తారు. అంత లోతున తేమ ఋతువుతో పెద్దగా మారదు. పైమట్టి ఉబ్బి పైకి లాగినా ఆ గడ్డ పట్టి ఉంచుతుంది. పైల్స్‌ను కలిపే దూలం కింద మట్టి ఉబ్బేందుకు కాస్త ఖాళీ వదలాలి. పాత, కొత్త గోడల మధ్య సందు వదిలి మెత్తని పదార్థంతో మూయాలి.

ఇదంతా చెబితే నాన్న, "కట్టక ముందు చెప్పాల్సిందిరా" అన్నారు. నిజమే. గది పడగొట్టి కట్టే స్తోమత మాకు లేదు. ఈ వేసవిలో స్నానాల నీళ్లు దూరంగా మళ్లించాం, చుట్టూ వాలుగా గచ్చు చేయించాం, రెండు గోడల్నీ విడదీయించాం. గది ఇంకా కదలవచ్చు, కానీ పాత గోడను చీల్చదు.

ఇల్లు పెంచదలచిన మిత్రులు ముహూర్తానికి ముందు గుప్పెడు మట్టికి ఒక్క రోజు కేటాయించండి. మేమా పని చేయలేదు.