కణతల నొప్పి.. కంటిచూపుకు ముప్పు

* యాభై దాటిన వారిలో కొత్త తలనొప్పిని తేలిగ్గా తీసుకోరాదు
* ధమనుల వాపుతో మెదడుకూ చేటు
* సకాలంలో మందు పడితే ప్రమాదం దూరం

అద్దంకి: పత్తి తీతలు, మిర్చి కోతల వేళ అద్దంకి ప్రాంత పల్లెల్లో తలనొప్పి సర్వసాధారణం. ఎండ తగిలిందనో, కాయల ఘాటు పడలేదనో సరిపెట్టుకుంటారు. నుదుటికి శొంఠి పట్టు వేసి, దుకాణంలో మాత్ర కొని మింగి మరునాడు మళ్లీ చేలోకి వెళ్తారు. చాలామందికి అంతటితో ఉపశమనం లభిస్తుంది. అయితే యాభై ఏళ్లు పైబడిన వారిలో మునుపెన్నడూ లేని తలనొప్పి కణతల వద్ద మొదలై రోజుల తరబడి వదలకపోతే, దాని వెనుక రక్తనాళాల జబ్బు దాగి ఉండవచ్చు. దానినే వైద్యులు జెయింట్‌ సెల్‌ ఆర్టిరైటిస్‌ అంటారు. మన దేశంలో ఇది అరుదైన వ్యాధి. అరుదు కావడం వల్లే గుర్తించడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యం కంటిచూపును హరిస్తుంది, కొందరిలో పక్షవాతానికీ దారితీస్తుంది.

ఏమిటీ జబ్బు?

శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థ సొంత ధమనుల గోడలపైనే దాడి చేయడం ఈ వ్యాధికి మూలం. వాచిన గోడలో కొన్ని కణాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి పెద్ద కణాలుగా మారతాయి. సూక్ష్మదర్శినిలో అవి కనిపించడం వల్లే వ్యాధికి ఆ పేరు వచ్చింది. గోడ లోపలివైపు మందమయ్యేకొద్దీ రక్తం పారే దారి ఇరుకవుతుంది. సాగర్‌ కాలువలో పూడిక పేరుకుంటే చివరి ఆయకట్టుకు నీరందని రీతిగానే, ఆ ధమనిపై ఆధారపడిన అవయవానికి రక్తం అందదు.

ఇది అంటువ్యాధి కాదు. యాభై ఏళ్లలోపు వారిలో దాదాపు కనిపించదు. డెబ్బై దాటిన వారిలోనే ఎక్కువ. పురుషుల కంటే స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికంగా వస్తుంది. 1890లో ఇంగ్లండు వైద్యుడు జొనాథన్‌ హచిన్సన్‌, కణతల నొప్పితో టోపీ సైతం పెట్టుకోలేకపోయిన ఒక వృద్ధుని గురించి రాశారు. 1932లో అమెరికాలోని మేయో క్లినిక్‌ వైద్యుడు బేయర్డ్‌ హార్టన్‌, ఆయన సహచరులు దీనిని ప్రత్యేక వ్యాధిగా వివరించారు.

మెదడుకు ముప్పు ఎలా?

మెదడుకు నాలుగు ప్రధాన ధమనులు రక్తాన్ని చేరవేస్తాయి. రెండు మెడ ముందు భాగం నుంచి, రెండు వెన్నుపూసల పక్క నుంచి పైకి వెళ్తాయి. ఈ వ్యాధి ధమని గోడలోని సాగే పొరను ఆశ్రయిస్తుంది. ధమనులు పుర్రెలోకి ప్రవేశించి మెదడు పొరను దాటిన కొద్ది దూరంలోనే వాటి గోడ పలుచబడి, వెలుపలి సాగే పొర దాదాపు లేకుండా పోతుంది. అందుచేత మెదడు లోపలి నాళాలు చాలావరకు ఈ వాపు నుంచి తప్పించుకుంటాయి.

అసలు చిక్కు పుర్రె వెలుపలే ఉంది. వెన్నుపూసల పక్కనున్న ధమనులు మూసుకుపోయినా, అక్కడ ఏర్పడిన రక్తపు గడ్డ పైకి కొట్టుకుపోయినా మెదడు వెనుక భాగానికి రక్తం నిలిచిపోతుంది. కళ్లు తిరగడం, నడక తూలడం, మాట తడబడటం, ఒక వస్తువు రెండుగా కనిపించడం దాని ఫలితాలే. పాశ్చాత్య దేశాల లెక్కల ప్రకారం ఈ రోగుల్లో పక్షవాతం వచ్చేది సుమారు 3 నుంచి 7 శాతం మందికి. కంటినరానికి రక్తమిచ్చే సన్నని నాళాలు మూసుకుపోయి చూపు కోల్పోయేవారు అంతకంటే ఎక్కువ. అలా పోయిన చూపు తిరిగి రావడం అరుదు. చికిత్స లేకుంటే రెండో కన్ను కూడా కొద్ది రోజుల్లోనే దెబ్బతినవచ్చు.

గుర్తించేదెలా?

* కణత తాకినా, తల దువ్వినా నొప్పి. కణత వద్ద నాళం తాడులా ఉబ్బి గట్టిగా తగలడం.
* అన్నం నమిలేటప్పుడు దవడ పీకడం, ఆపగానే తగ్గడం.
* ఒక కంటికి కొద్దిసేపు తెర పడినట్లయి మళ్లీ మామూలు కావడం.
* ఉదయం లేవగానే భుజాలు, తుంటి బిగుసుకుపోవడం.
* కారణం తెలియని జ్వరం, నీరసం, బరువు తగ్గడం.

దవడ నొప్పిని పంటి జబ్బుగా, చూపు మసకను శుక్లంగా పొరబడే అవకాశముంది. శుక్లం నెలల తరబడి మెల్లగా ముదురుతుంది. ఉన్నట్టుండి చూపు తగ్గితే మాత్రం అది అత్యవసర పరిస్థితే.

పరీక్షలు, చికిత్స

ఈఎస్‌ఆర్‌, సీఆర్‌పీ అనే రక్తపరీక్షలు శరీరంలో వాపును సూచిస్తాయి. ఇవి చిన్న పట్టణాల ల్యాబుల్లోనూ జరుగుతాయి. నిర్ధారణకు ధమనుల స్కానింగ్‌ గానీ, కణతలోని నాళం నుంచి చిన్న ముక్క తీసి చేసే బయాప్సీ గానీ అవసరమవుతాయి. అనుమానం బలంగా ఉంటే ఫలితం కోసం ఎదురుచూడకుండా వైద్యులు ఆనాడే స్టెరాయిడ్‌ మందులు ఆరంభిస్తారు. తలనొప్పి సాధారణంగా కొద్ది రోజుల్లోనే తగ్గుముఖం పడుతుంది. మోతాదును మాత్రం నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గించుకుంటూ రావాలి. టోసిలిజుమాబ్‌ అనే ఇంజెక్షన్‌కు 2017లో అమెరికాలో అనుమతి లభించింది. స్టెరాయిడ్‌ అవసరాన్ని తగ్గించేందుకు దీనిని వాడుతున్నారు.

సొంత వైద్యం వద్దు

ఒళ్లు నొప్పులకు స్టెరాయిడ్‌ కలిసిన ఇంజెక్షన్లు, మాత్రలు వైద్యుని సలహా లేకుండా వాడటం ఈ వ్యాధిలో మరింత హాని. నొప్పి తాత్కాలికంగా మరుగున పడుతుంది గానీ లోపలి వాపు పూర్తిగా పోదు. మధుమేహం, రక్తపోటు పెరగవచ్చు. ఎముకలు గుల్లబారతాయి. దాగి ఉన్న క్షయ తిరగబెట్టే ప్రమాదమూ ఉంది. కాస్త తగ్గింది కదా అని మందును హఠాత్తుగా మానేయడమూ ప్రాణాపాయమే.

తలనొప్పులన్నీ ఈ జబ్బు కావు. యాభై దాటిన వారిలో కొత్త తలనొప్పికి దవడ నొప్పి గానీ, చూపు మసక గానీ తోడైతే అదే రోజు వైద్యుని సంప్రదించాలి. చూపు పోయినా, మాట తడబడినా, నడక తూలినా 108కి ఫోన్‌ చేసి ఒంగోలు లేదా గుంటూరు సర్వజన ఆసుపత్రి వంటి పెద్దాసుపత్రికి వెంటనే తరలించాలి. కోతలు ముగిశాక చూపించుకుందామని వాయిదా వేస్తే ఆలోగా చూపు దక్కకపోవచ్చు.