శూన్యమునందు శిల్పము

ఒకనాడు చిత్రలేఖనపు తరగతికి వెళ్లితిని. విద్యార్థులు కూజా నెదుట నుంచుకొని బొమ్మ గీయుచుండిరి. అందొక బాలుడు లేచి, “అయ్యా! నేడు యంత్రములే బొమ్మలు చేయుచున్నవి కదా! మేమింకను ఈ కూజాను గీయుట యెందులకు?” అని యడిగెను. ప్రశ్న సమంజసమైనదే. గంట మ్రోగుటచే నాడు నా సమాధానము సగములో నిలిచిపోయెను. తక్కిన సగము నీ పత్రికాముఖమున చెప్పుచున్నాను.

ఇటీవల చిత్రకారుల చేతికి వచ్చిన సాధనములలో వర్చువల్ రియాలిటీ యొకటి. లేనిదానిని ఉన్నట్లు కన్నులకు తోపింపజేయుటయే దీని పని. మన రెండు కన్నులును ఒకే వస్తువును కొంచెము భిన్నమైన కోణములనుండి చూచును. ఆ భేదమును బట్టి మనస్సు దూరమును గ్రహించును. ఒక కన్ను మూసికొని సూదిలో దారమెక్కింప యత్నించినచో నీ విషయము బోధపడగలదు. కన్నులకు తగిలించుకొను హెడ్‌సెట్ అను పరికరము ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మను చూపును. తల త్రిప్పిన కొలది ఆ బొమ్మలును మారుచుండును. 1968లో అమెరికాలో ఐవాన్ సదర్లాండ్ అను శాస్త్రజ్ఞుడు తన విద్యార్థులతో గూడి యిట్టి పరికరమును నిర్మించెను. అది పైకప్పునుండి వ్రేలాడదీయబడియుండెను.

2016లో టిల్ట్ బ్రష్ అను సాఫ్ట్‌వేర్ వెలువడినది. ఇందు చేత పట్టిన సాధనమే కుంచె. చేయి కదలిన త్రోవ యంతయు రంగుపట్టీయై గాలిలో నిలిచినట్లు కనబడును. కాగితమునకు పొడవును వెడల్పును మాత్రమే కలవు. ఇచ్చట లోతు కూడ కలదు. చిత్రకారుడు తాను గీసిన గీత చుట్టును నడచి, దాని వెనుకవైపును చూడగలడు. దీనిని చిత్రమనవలెనా, శిల్పమనవలెనా?

ఈ సందేహమునకు రూపమిచ్చినవాడు జోనాథన్ యో. ఇతడు 1970లో లండనునందు జన్మించిన చిత్రకారుడు. ఇరువదియేండ్లు దాటిన ప్రాయమున క్యాన్సరు వ్యాధినుండి కోలుకొనుచు, స్వయంకృషితో చిత్రకళ నేర్చెను. తన రూపమును తాను చిత్రించుకొనువాడు సాధారణముగ నద్దము ముందు నిలుచును. అద్దము ముఖమును చూపును గాని, తల వెనుకభాగమును చూపదు. యో తన తలను అన్నివైపులనుండి యంత్రముచే కొలిపించి, ఆ రూపమును కల్పితలోకమున నిలిపి, దానిచుట్టు తిరుగుచు కుంచె నాడించెను. ఆ గీతలను త్రీడీ ప్రింటరు ఘనరూపమునకు తెచ్చెను. పిమ్మట పోతపనివారు దానిని కంచున పోసిరి. శిల్పి పావొలోజీకి నివాళిగ పేరిడబడిన ఆ విగ్రహము 2017 డిసెంబరులో, 1768లో స్థాపితమైన లండను రాయల్ అకాడమీయందు ప్రారంభమైన ప్రదర్శనలో నిలిచెను.

విద్యార్థులారా! ఇందు యంత్రము చేసినదేమి, మనుష్యుడు చేసినదేమి? యంత్రము కొలిచెను, చూపెను, అచ్చొత్తెను. కాని యే గీత నెచ్చట నుంచవలెను, దేనిని విడువవలెను అని నిర్ణయించినది చిత్రకారుని కన్ను. కాగితము కుంచెకు కొంత యడ్డు తగులును. ఆ యడ్డే చేతికొక యాధారము. గాలిలో నా యాధారము లేదు. కావున నచ్చట చేతికి అదుపు మరింత యావశ్యకము. గాలిలోని గీతకు బరువు లేదు, కంచుకు కలదు. ఆ బరువు నిలుచునట్లు చేయుటకు పోతపనివాని యనుభవమే కావలసివచ్చెను.

మరియొక విషయము. 2021లో గూగుల్ సంస్థ టిల్ట్ బ్రష్‌ను తానభివృద్ధి చేయుట మానుకొని, దాని మూలమును ఎల్లరకు విడిచిపెట్టెను. సాధనములు వచ్చును, పోవును. యో మాత్రము ఆ యేడే బ్రిటిషు యువరాజు చార్లెసును ఎదుట కూర్చుండబెట్టుకొని, ఆయన రూపమును చిత్రించుట కారంభించెను. ఆయన రాజైన పిమ్మట, 2024 మేనెలలో బకింగ్‌హాం సౌధమున నావిష్కృతమైన ఆ చిత్రము తైలవర్ణములతో, కాన్వాసుగుడ్డపై వేసినది. ఎదుట మనిషి, చేత కుంచె.

కావున నాయనా! కూజాను గీయుట మానవలదు. నీవు నేర్చుకొనుచున్నది కూజాను కాదు, చూచుటను. రేపు నీ చేతికి ఏ యంత్రము వచ్చినను, నీవు చూడనేర్చినదానినే అది గీయగలదు.