ఇంటి వర్చువలైజేషన్ సర్వర్ నిర్వహణ: స్నాప్‌షాట్, బ్యాకప్ – ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

ఒకే భౌతిక కంప్యూటర్‌పై అనేక స్వతంత్ర కంప్యూటర్లు నడిచేలా ఏర్పాటు చేయడాన్ని వర్చువలైజేషన్ అంటారు. 1960వ దశకంలో ఐబీఎం సంస్థ పెద్ద యంత్రాలపై రూపుదిద్దుకొన్న ఈ పద్ధతి, 2005–06లో ఇంటెల్, ఏఎండీ సంస్థలు తమ ప్రాసెసర్లలోనే ఇందుకు తోడ్పడే సౌకర్యాన్ని చేర్చిన తరువాత సామాన్యుల కంప్యూటర్లకు చేరువైంది. 2007లో కేవీఎం లినక్స్ కెర్నెల్‌లో భాగమైంది. 2008లో వెలువడిన ప్రాక్స్‌మాక్స్ వీఈ దానిని ఆధారం చేసుకొన్నదే. పాత కంప్యూటర్‌ను ఇంటి సర్వర్‌గా మార్చుకొనేవారిలో చాలామంది దీనినే ఎంచుకొంటారు. స్థాపనకు ఒక గంట చాలు. అందులో దాచిన సమాచారాన్ని కాపాడుకోవడమే ఈ వ్యాస విషయం.

స్నాప్‌షాట్ స్వరూపం

జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ వ్యవస్థ ఒకసారి రాసిన సమాచారాన్ని అదే చోట చెరిపి రాయదు. మార్పును కొత్త చోట రాసి తన పట్టికను సవరించుకొంటుంది. ఆ క్షణంలోని పట్టికను భద్రపరచి, అందులో పేర్కొన్న పాత భాగాలు చెరిగిపోకుండా ఆపడమే స్నాప్‌షాట్. ఇది పుస్తకానికి మరొక విషయసూచిక రాసుకోవడం వంటిది. పుటలు మాత్రం ఆ ఒక్క పుస్తకంలోనే ఉంటాయి. కనుకనే అది క్షణంలో పూర్తవుతుంది, మొదట దాదాపు స్థలమే ఆక్రమించదు. ఫైళ్లు తొలగించినా డిస్క్‌లో ఖాళీ పెరగలేదని తికమకపడేవారు ముందుగా పాత స్నాప్‌షాట్లను వెదకాలి. నవీకరణ వికటించినప్పుడు వెనుకటి స్థితికి రావడానికి ఇంత సులువైన మార్గం లేదు. డిస్క్ చెడిపోతే మాత్రం పుస్తకంతో పాటు సూచికలూ పోతాయి. రెండు డిస్కులను మిర్రర్‌గా ఉంచితే ఆ భయం తగ్గుతుంది కాని, స్నాప్‌షాట్ లేని వేళ పొరపాటున తొలగించిన ఫైలు రెండింటిలోనూ ఒకేసారి మాయమవుతుంది.

బ్యాకప్‌లో చేరనివి

ప్రాక్స్‌మాక్స్‌లో బ్యాకప్ పనిని వీజెడ్‌డంప్ అనే ఉపకరణం చేస్తుంది. దాని మూడు విధానాలలో ఒకదానికి కూడా ‘స్నాప్‌షాట్’ అనే పేరు పెట్టడం దురదృష్టకరం. వర్చువల్ యంత్రం నడుస్తుండగానే దాని డిస్క్‌కు నకలు తీయడమని మాత్రమే అక్కడ ఆ మాటకు అర్థం. నకలు చేరే చోటును నిర్వాహకుడే ఎంచుకోవాలి. ‘లోకల్’ అన్న నిల్వను ఎంచుకొంటే అది సాధారణంగా అదే యంత్రపు సిస్టమ్ డిస్క్‌లోకే చేరుతుంది.

ఇంతకంటే సూక్ష్మమైన చిక్కు కంటైనర్లలో ఉంది. సర్వర్‌లోని ఒక ఫోల్డర్‌ను నేరుగా కంటైనర్‌కు తగిలించే ఏర్పాటును బైండ్ మౌంట్ అంటారు. అందులోని ఫైళ్లను వీజెడ్‌డంప్ ఎన్నడూ నకలు చేయదు. ఈ వ్యాసకర్త పాత తెలుగు పత్రికల స్కాన్ ప్రతులను అటువంటి ఫోల్డర్‌లోనే ఉంచాడు. ప్రతి రాత్రీ బ్యాకప్ విజయవంతమైనట్లు నమోదయ్యేది. ఒకసారి అదే సర్వర్‌లో కొత్త సంఖ్యతో పునరుద్ధరించి చూస్తే స్కాన్లన్నీ కనిపించాయి కూడా. పునరుద్ధరణలో బైండ్ మౌంట్ అమరిక మాత్రమే తిరిగి వచ్చి, ఆ కొత్త కంటైనర్ అసలు ఫోల్డర్‌నే చూపిందని అప్పుడు తోచలేదు. కొన్ని నెలలకు డిస్క్ చెడిపోయింది. కొత్త డిస్క్‌పై తెరిస్తే అప్లికేషన్ చక్కగా నడిచింది, ఫోల్డర్ ఖాళీ. మిత్రులకు పంపిన ప్రతుల వల్ల కొంత భాగం దక్కింది. రెండు సంపుటాల మూల ప్రతులు అప్పటికే చెదల పాలయ్యాయి. వాటిని మళ్లీ స్కాన్ చేసే అవకాశం లేదు.

పరీక్షా విధానం

కాబట్టి పునరుద్ధరణ పరీక్షను అసలు సర్వర్‌పై కాక వేరే యంత్రంపై జరపాలి. పాత లాప్‌టాప్ అయినా సరిపోతుంది. అసలు కంటైనర్‌తో ఐపీ చిరునామా ఢీకొనకుండా, ప్రారంభించే ముందే కొత్త దాని నెట్‌వర్క్‌ను తొలగించాలి. బైండ్ మౌంట్ ఉన్న కంటైనర్ అక్కడ ఫోల్డర్ దొరకక ప్రారంభం కావడానికే నిరాకరిస్తుంది. ఆ దోష సందేశమే బ్యాకప్‌లో చేరనిదేమిటో చెబుతుంది. అటువంటి ఫోల్డర్లను జెడ్‌ఎఫ్‌ఎస్ సెండ్ ఆదేశంతో విడిగా మరొక యంత్రానికి పంపాలి. ప్రస్తుతం ఈ వ్యాసకర్త మూడు నెలలకొకసారి ఆ నకలులోంచి తోచిన పది స్కాన్లను తెరిచి, పుట పుటా తిరగేసి చూస్తున్నాడు.