చిన్న కారుకి గేర్లు మనం వెయ్యాలా, కారే వేసుకోవాలా?

ఈ వారం కారు గేర్ల గురించి మాట్లాడమన్నారు. నేను మెకానిక్‌ని కాదండీ, కంప్యూటర్ ముందు కూర్చుని బతికేవాణ్ణి. కాకపోతే మా స్లౌ, రెడింగ్ వైపు మనవాళ్ళెవరైనా సెకండ్ హ్యాండ్ కారు కొంటుంటే నన్ను తోడు తీసుకెళ్ళడం అలవాటైపోయింది. అందరూ అడిగేది ఒకటే: "ఆటోమేటిక్ తీసుకోమంటారా, మాన్యువలా?" నేను వెంటనే ఎదురు ప్రశ్న వేస్తాను, "ఏ ఆటోమేటిక్?" అని. అక్కడ చాలామంది ఆగిపోతారు. అమ్మకం ప్రకటనలో ఆటోమేటిక్ అనే ఒక్క మాట ఉంటుంది, దాని వెనక మూడు నాలుగు రకాల యంత్రాలుంటాయి. చిన్న కార్ల విషయంలో ఈ తేడా మరీ ఎక్కువ.

అసలు గేర్లు ఎందుకో ముందు చూద్దాం. పెట్రోలు ఇంజను ఊరికే నిలబడి ఉన్నా నిమిషానికి ఏడెనిమిది వందల సార్లు తిరుగుతూ ఉండాలి. అంతకన్నా బాగా తగ్గితే ఆగిపోతుంది. చక్రం మాత్రం సున్నా నుంచి మొదలవ్వాలి. ఈ రెండింటినీ మెల్లగా కలిపేది క్లచ్. వేగాన్ని బట్టి, ఎత్తుపల్లాలను బట్టి ఇంజను చుట్లనీ చక్రం చుట్లనీ సరిచూసేది గేర్లు. చేతక్ స్కూటర్ మీద నాన్నగారు ఎడమచేతి పిడి మెలితిప్పి గేరు మార్చడం మీలో చాలామంది చూసే ఉంటారు, అదే మాన్యువల్. తరవాత వచ్చిన కైనెటిక్ హోండా, యాక్టివాలకి గేర్లు వెయ్యక్కర్లేదు, లోపల బెల్టు తనంతట తానే సర్దుకుంటుంది. కార్లలో సి.వి.టి. అనేది ఇంచుమించు ఆ పద్ధతే.

ఇక చిన్న కార్లలో ఎక్కువగా కనిపించే రకానికి వద్దాం. దీన్ని ఆటోమేటెడ్ మాన్యువల్ అంటారు, పొట్టిగా ఏ.ఎం.టి. పేరులోనే గుట్టంతా ఉంది. లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. అవే పళ్ళచక్రాలు, అదే క్లచ్ పళ్ళెం. మన ఎడమకాలు, ఎడమచెయ్యి చేసే పనిని ఒక చిన్న మోటారో, ఆయిల్ ఒత్తిడితో పనిచేసే పరికరమో చేస్తుంది. ఎప్పుడు చెయ్యాలో కంప్యూటర్ చెబుతుంది. టయోటా ఐగోలో ఎక్స్-షిఫ్ట్, సిట్రోయెన్ సి1లో ఈ.టి.జి., ఫోక్స్‌వాగన్ అప్‌లో ఏ.ఎస్.జి., వాక్స్‌హాల్ కోర్సాలో ఈజీట్రానిక్ అని ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది గానీ వంటకం ఒకటే. ఇండియాలో 2014లో మారుతి సెలేరియోతో ఇది జనంలోకి వెళ్ళింది. అందుకే ఇంటి దగ్గర్నుంచి ఫోన్లో "ఆటోమేటిక్ కొన్నాంరా" అంటే, చిన్న కారైతే, అది ఏ.ఎం.టి. అయ్యుండే అవకాశం ఎక్కువ.

కంపెనీలు దీన్ని ఎంచుకోవడానికి కారణం ఉంది. అసలైన పాతకాలపు ఆటోమేటిక్‌లో ఇంజనుకీ గేర్లకీ మధ్య టార్క్ కన్వర్టర్ ఉంటుంది. ఆయిల్ నిండిన డబ్బాలో ఎదురెదురుగా రెండు ఫ్యాన్లు ఉన్నట్టు ఊహించుకోండి. ఒకటి తిరిగితే ఆయిల్ ద్వారా రెండోది తిరుగుతుంది. చాలా నున్నగా ఉంటుంది. కానీ బరువు, ఖరీదు, కొంత శక్తి ఆయిల్‌ని కలియబెట్టడానికే పోతుంది. పెద్ద ఇంజనుకి అది లెక్కలోది కాదు. ఐగో లాంటి ఒక లీటరు ఇంజనుకి, మొదటి మోడల్లో ఉన్నవే 68 గుర్రాలు, అందులోంచి ఎంత పోయినా తెలుస్తుంది. ఏ.ఎం.టి.కి ఆ నష్టం లేదు. పెట్రోలు ఖర్చు మాన్యువల్‌తో సమానంగా ఉంటుంది.

మరి ఇబ్బంది ఎక్కడ? గేరు మారే క్షణంలో క్లచ్ విడిపోతుంది, చక్రాలకి శక్తి ఆగుతుంది. మనం నడిపేటప్పుడూ అంతే జరుగుతుంది, కానీ కాలు మనదే కనక ఒళ్ళు ముందే సిద్ధంగా ఉంటుంది. కంప్యూటర్ మార్చేటప్పుడు మనకి కబురు ఉండదు, తల ముందుకి ఊగుతుంది. వెనక సీట్లో అమ్మగారుంటే "కొత్తగా నేర్చుకుంటున్నావా నాయనా" అంటారు. దీనికి చిట్కా ఒకటుంది. మారబోతోంది అనిపించినప్పుడు యాక్సిలరేటర్ మీద పాదం కొంచెం వదులు చెయ్యాలి. వారం రోజుల్లో అలవాటైపోతుంది.

ఊగడం కన్నా నాకు ముఖ్యమనిపించేది వేరే ఉంది. పాత ఏ.ఎం.టి.లు కొన్ని బ్రేకు వదిలితే ముందుకి పాకవు, ఎత్తులో అయితే వెనక్కి జారతాయి. టార్క్ కన్వర్టర్ కారు నడిపినవాళ్ళు దీన్ని ఊహించరు. హ్యాండ్ బ్రేకు వేసి కదలాలి. యాక్సిలరేటర్‌తో కారుని ఎత్తులో నిలబెడితే క్లచ్ పళ్ళెం రాసుకుని మాడిపోతుంది. ఎడమకాలికి పెడల్ లేదు గానీ, అరిగే క్లచ్ మాత్రం లోపల ఉంది. ఇంకొకటి, చాలా ఏ.ఎం.టి.లలో "పి" అనే పార్కింగ్ స్థానం ఉండదు. గేరులో ఉంచి హ్యాండ్ బ్రేకు గట్టిగా లాగి దిగాలి. ఇంట్లో ఇద్దరు నడుపుతూ ఒకరికే ఈ సంగతి తెలిస్తే ప్రమాదం.

అంచేత ఏ.ఎం.టి. చూడ్డానికి వెళితే ఊరి చుట్టూ చక్కగా ఒక రౌండు కొట్టి వచ్చేయకండి. ఎత్తుమీద ఆపి కదిలించండి. రివర్సులో అంగుళం అంగుళంగా పార్కింగ్ చేసి చూడండి. ట్రాఫిక్‌లో పది నిమిషాలు నడపండి. చల్లగా ఉన్న ఇంజనుతో మొదలుపెట్టండి. ముందే వేడెక్కించి ఉంచితే నేనైతే ఎందుకని అడుగుతాను. క్లచ్ ఎప్పుడు మార్చారో బిల్లు చూపించమనండి. క్లచ్ మార్చాక, అది ఎక్కడ పట్టుకుంటుందో కంప్యూటర్‌కి మళ్ళీ నేర్పించాల్సి ఉంటుంది. ఆ పరికరం లేని గ్యారేజీలో పని చేయిస్తే కొత్త క్లచ్‌తోనే కారు కుదుపులు మొదలుపెడుతుంది.

నా అభిప్రాయం అడిగితే, రోజూ ఎం25 మీదో ఎం4 మీదో జామ్‌లో కూర్చునేవాళ్ళకి పాత ఏ.ఎం.టి. నేను చెప్పను. బడ్జెట్ ఉంటే హైబ్రిడ్ చూడండి. టయోటా యారిస్ హైబ్రిడ్‌లో మనకి తెలిసిన క్లచ్చూ ఉండదు, బెల్టూ ఉండదు. హోండా జాజ్ కూడా ఇక్కడ 2020 నుంచి హైబ్రిడ్‌గానే వచ్చింది. బడ్జెట్ లేకపోతే మంచి మాన్యువల్ తీసుకోండి, చెడితే ఏ వీధి గ్యారేజీ అయినా బాగుచేస్తుంది. పిల్లల స్కూలు, టెస్కో, గుడి, ఇంతవరకే అయితే బాగా చూసుకున్న ఏ.ఎం.టి. చక్కగా సరిపోతుంది.

ఇక్కడిదాకా కారు సంగతి. మన ఇళ్ళలో అసలు తర్జనభర్జన లైసెన్సు దగ్గర వస్తుంది. ఇండియా లైసెన్సుతో బ్రిటన్‌లో స్థిరపడ్డ రోజు నుంచి 12 నెలలే నడపొచ్చు. ఇండియా లైసెన్సుని ఇక్కడ మార్చి ఇవ్వరు, కాబట్టి ఆ తరవాత నడపాలంటే థియరీ, ప్రాక్టికల్ రెండూ పాసవ్వాల్సిందే. క్లచ్ పెడల్ లేని కారులో పాసైతే లైసెన్సు మీద 78 అనే కోడ్ పడుతుంది, అంటే ఆటోమేటిక్ మాత్రమే. ఇక్కడ తమాషా చూడండి. ఏ.ఎం.టి. లోపల మాన్యువలే అయినా చట్టం పెడళ్ళనే లెక్కపెడుతుంది, గేర్‌బాక్సు విప్పి చూడదు. గల్ఫ్ నుంచి వచ్చేవాళ్ళకి ఇంకో మాట. యు.ఏ.ఈ. లైసెన్సుని 2021 నుంచి ఇక్కడి లైసెన్సుగా మార్చుకోవచ్చు, కానీ మాన్యువల్‌లో పాసైనట్టు రుజువు లేకపోతే ఆటోమేటిక్‌కే ఇస్తారు. ఆ కాగితం అక్కడ ఉండగానే సంపాదించుకోండి.

"అన్నయ్యగారూ, ఆటోమేటిక్‌లో నేర్చుకుంటే త్వరగా అయిపోతుందట, ఆయనేమో మాన్యువలే నేర్చుకోమంటున్నారు" అని ఒక చెల్లెమ్మ అడిగింది. ఆయన మాటలో న్యాయం ఉంది. మాన్యువల్ లైసెన్సుతో రెండూ నడపొచ్చు, పాత చిన్న కార్లలో మాన్యువల్ చవక, యూరప్‌లో అద్దెకి తీసుకున్నా చవక. కానీ ఆ అమ్మాయి ఇంటికి గంటకొక బస్సు. బాబుని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలన్నా భర్త ఆఫీసు మానాలి. 2025లో చాలా సెంటర్లలో ప్రాక్టికల్ పరీక్ష తేదీకే నెలల తరబడి ఆగాల్సి వచ్చింది. క్లచ్ కుదరక ఒకసారి ఫెయిలైతే ఇంకో అరసంవత్సరం ఇంట్లోనే. అయితే ఆటోమేటిక్‌లో పాసవడం తేలిక అనేదీ పూర్తి నిజం కాదు. ప్రభుత్వ లెక్కల్లో ఆటోమేటిక్ పాస్ శాతం మాన్యువల్ కన్నా తక్కువే ఉంటోంది. రౌండెబౌట్ దగ్గర ఎవరికి దారివ్వాలో గేర్‌బాక్సు చెప్పదు కదా.

నేనా చెల్లెమ్మకి చెప్పింది ఇది. మాన్యువల్‌లో ఆరేడు క్లాసులు తీసుకో. క్లచ్ మీద ధ్యాస పోయి రోడ్డు మీద ధ్యాస నిలుస్తుంటే అందులోనే కొనసాగు. అప్పటికీ కాళ్ళ వంకే చూస్తుంటే మొహమాటం లేకుండా ఆటోమేటిక్‌కి మారిపో. ఎలక్ట్రిక్ కార్లు ఎలాగూ 78 కోడ్‌తోనే నడపొచ్చు. 2030 తరవాత కేవలం పెట్రోలు, డీజిల్‌తో నడిచే కొత్త కార్ల అమ్మకం ఇక్కడ ఆపాలన్నది ప్రభుత్వ విధానం. కోడ్ 78 అనేది పదేళ్ళ క్రితం ఉన్నంత సంకెల కాదిప్పుడు.

పైగా తరవాత మాన్యువల్ కావాలంటే థియరీ మళ్ళీ రాయక్కర్లేదు. ఎల్ బోర్డులు పెట్టుకుని, పక్కన అర్హత ఉన్నవారిని కూర్చోబెట్టుకుని నేర్చుకోవచ్చు. ప్రాక్టికల్ ఒక్కటి పాసైతే చాలు, ఫెయిలైనా ఉన్న ఆటోమేటిక్ లైసెన్సు ఎక్కడికీ పోదు. మీ కార్డు మీద ఏముందో తెలియకపోతే వెనక్కి తిప్పి 12వ గడిలో 78 ఉందేమో చూసుకోండి, ఇన్సూరెన్సువాళ్ళు మొదట అడిగే వాటిలో అదొకటి.