ఇంటి వెనకాలే గ్యాస్ ప్లాంటు!

వాతావరణ మార్పు అనగానే కార్లు, ఫ్యాక్టరీ గొట్టాలే గుర్తొస్తాయి. మరి గచ్చు కింద దాక్కున్న సెప్టిక్ ట్యాంకు సంగతి?

ఫ్లష్ చేశాక మలం ట్యాంకు అడుగున బురదలా పేరుకుంటుంది. అక్కడ గాలి ఆడదు. ఆక్సిజన్ లేకుండానే బతికే సూక్ష్మజీవులు దాన్ని కుళ్లబెడుతూ మీథేన్ వదులుతాయి. గోబర్ గ్యాస్ ప్లాంటులో జరిగేదీ ఇదే. కాకపోతే అక్కడ గ్యాస్ పొయ్యికి వెళ్తుంది, ఇక్కడ గొట్టంలోంచి గాల్లో కలుస్తుంది. వందేళ్ల లెక్కన చూస్తే, కార్బన్ డయాక్సైడ్ కంటే మీథేన్ దాదాపు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది.

ఎంత వస్తుందంటారా? కాలిఫోర్నియాలో కొన్ని ట్యాంకుల్ని కొలిస్తే, మనిషికి రోజుకు సుమారు 11 గ్రాములు తేలింది. ఆ లెక్కన నలుగురున్న ఇంటి నుంచి ఏడాదికి 16 కిలోలు. అంటే 190 లీటర్లకు పైగా పెట్రోలు కాల్చినంత! ఎండను బట్టి, ట్యాంకును బట్టి ఈ అంకె మారుతుంది.

మరేం చేయాలి? నిండి పొంగేదాకా ఆగకుండా రెండు మూడేళ్లకోసారి బురద తీయించాలి. పాత బురద పేరుకున్నకొద్దీ గ్యాస్ కూడా పెరుగుతుంది. తీసింది చెరువులో పోస్తే మళ్లీ మొదటికే. అది శుద్ధి కేంద్రానికే చేరాలి. వరంగల్‌లో అలాంటి కేంద్రం ఉంది. మీ ఊళ్లో ట్యాంకర్ ఎక్కడికి వెళ్తోందో అడగండి.

మనిషిని మాత్రం లోపలికి దించొద్దు. ఆ విషవాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి. రక్షణ పరికరాలు లేకుండా దించడం 2013 చట్టం ప్రకారం నేరం కూడా.