జావాలో ఉమ్మడి విలువలు, ప్రవేశ హద్దులు

జగిత్యాల జిల్లా కొండగట్టు సమీపంలోని నాచుపల్లిలో 2007లో నెలకొన్న జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాల వంటి చోట్ల కంప్యూటర్ విద్యార్థులు అభ్యసించే ప్రధాన భాషల్లో జావా ఒకటి. సన్ మైక్రోసిస్టమ్స్‌లో జేమ్స్ గోస్లింగ్ బృందం రూపొందించగా 1995లో వెలువడిన ఈ భాషలో క్లాస్ అనేది నమూనా కాగా, ఆ నమూనాను అనుసరించి ఏర్పడే ఒక్కొక్క రూపాన్ని ఆబ్జెక్ట్ అంటారు.

‘విద్యార్థి’ అనే క్లాస్‌లో పేరు, మార్కులు ప్రతి ఆబ్జెక్టుకూ వేర్వేరుగా ఉంటాయి; చేరినవారి మొత్తం సంఖ్య మాత్రం అందరికీ ఒక్కటే కనుక దాన్ని స్టాటిక్ వేరియబుల్‌గా, అంటే క్లాస్ మొత్తానికి ఒకే ప్రతిగా ప్రకటిస్తారు. కొత్త ఆబ్జెక్ట్ ఏర్పడినప్పుడల్లా ఆ సంఖ్యకు ఒకటి కలిపితే, ముగ్గురు చేరాక విలువ 3 అవుతుంది. స్టాటిక్ అన్న మాట లేకపోతే ప్రతి ఆబ్జెక్టులోనూ విడిగా 1 మాత్రమే నిలుస్తుంది.

ఒక విలువను ఎవరు అందుకోవచ్చో నిర్ణయించేవి యాక్సెస్ మాడిఫయర్లు. ప్రైవేట్ అంటే ఆ క్లాస్‌కే పరిమితం. ఏ మాటా రాయకపోతే అదే ప్యాకేజీకి, అంటే ఒకచోట చేర్చిన క్లాసుల సమూహానికి పరిమితం. ప్రొటెక్టెడ్ అంటే ఆ ప్యాకేజీతోపాటు ఆ క్లాస్ నుంచి వారసత్వంగా వచ్చిన క్లాసులకూ అందుబాటు. పబ్లిక్ అంటే అందరికీ అనుమతి. మార్కులను ప్రైవేట్‌గా ఉంచి, 0 నుంచి 100 వరకు ఉన్న విలువనే స్వీకరించే మెథడ్ ద్వారా, అంటే క్లాస్‌లో ఒక పనికోసం రాసిన కోడ్ భాగం ద్వారా, మార్చనిస్తే తప్పుడు అంకెలు చొరబడవు.

మారే విలువను పబ్లిక్ స్టాటిక్‌గా వదిలేస్తే ఎక్కడినుంచైనా ఎవరైనా మార్చగలరు గనుక, విద్యార్థులు ప్రైవేట్‌తో మొదలుపెట్టి, అవసరమైన మేరకే హద్దు సడలించడం అలవరచుకోవాలి.