గురిపెట్టిన క్లారా బో

గ్యాంగ్‌స్టర్ సినిమా చరిత్ర చెప్పమంటే చాలామంది 1931తో మొదలుపెడతారు: ‘లిటిల్ సీజర్’, ‘ది పబ్లిక్ ఎనిమీ’, మరుసటి ఏడు ‘స్కార్‌ఫేస్’. మూడింటిలోనూ ఎదిగేదీ కూలేదీ మగవాడే. ‘పబ్లిక్ ఎనిమీ’లో జేమ్స్ కాగ్నీ ఫలహారం బల్ల దగ్గర ప్రియురాలి ముఖానికి గ్రేప్‌ఫ్రూట్ చెక్క అదిమే దృశ్యం చాలు, ఆ లోకంలో ఆడవాళ్ల చోటేమిటో తెలియడానికి. కానీ ఆ సినిమా తీసిన విలియం వెల్‌మన్, మూడేళ్ల ముందే పారమౌంట్‌కు ‘లేడీస్ ఆఫ్ ది మాబ్’ అనే మూకీ తీశాడు. ఆ సినిమా ఇప్పుడు మిగల్లేదు; దక్కి ఉంటే ఈ చరిత్రను మరోలా చెప్పుకునేవాళ్లం.

ఖైదీగా ఉన్న ఎర్నెస్ట్ బూత్ రాసిన కథ దానికి ఆధారం. నాయిక ఇవాన్ తండ్రిని ఎలక్ట్రిక్ కుర్చీలో చంపేస్తారు. ఆ పగతో తల్లి కూతురికి నేరమే చదువుగా నేర్పుతుంది. పెద్దయ్యాక రెడ్ అనే దొంగను ప్రేమించిన ఇవాన్‌కు, తండ్రికి పట్టిన గతే అతనికీ పడుతుందన్న భయం పట్టుకుంటుంది. బతిమాలినా వినడు. చివరికి అతన్ని నేరం నుంచి ఆపడానికి తనే తుపాకీ పేలుస్తుంది, ప్రాణం తీయడానికి కాదు, నిలుపుకోవడానికి. ఇవాన్‌గా క్లారా బో, రెడ్‌గా రిచర్డ్ ఆర్లెన్ నటించారు. కథను నడిపే నిర్ణయాలన్నీ ఆమెవే.

చూడని సినిమాకు ఇంత విలువ కట్టడమేమిటని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. అది గొప్ప సినిమా అని నేననడం లేదు. కథ ఎవరిదన్న సంగతికి మాత్రం రాతలో మిగిలిన కథాంశమే సాక్ష్యం. మంచివైతే నిలిచేవి కదా అన్న మాటకు జవాబు వెల్‌మన్ దగ్గరే ఉంది. ఉత్తమ చిత్రంగా తొలి ఆస్కార్ గెలిచిన ఆయన ‘వింగ్స్’ కూడా పోయిందనుకున్నాక పారిస్ ఫిలిం భాండాగారంలో ప్రింటు దొరికింది. 1912–29 మధ్య అమెరికాలో విడుదలైన దాదాపు 11 వేల పూర్తి నిడివి మూకీల్లో, తొలి రూపంలో మిగిలినవి 14 శాతమే. టాకీలు వచ్చాక వాటికి గిరాకీ పోయింది. నైట్రేట్ రీళ్లు ఇట్టే అంటుకునేవి, లేదా డబ్బాల్లోనే చివికిపోయేవి; కొన్నిటిని వెండి కోసం కరిగించారు. మన తెలుగువారి తొలి మూకీ ‘భీష్మ ప్రతిజ్ఞ’ కూడా మిగల్లేదు. మూకీలో మాట పలికేది ముఖమే. ప్రేమించినవాడి మీద గురిపెట్టిన క్షణంలో క్లారా బో ముఖం ఏం పలికిందో ఏ కథాంశమూ చెప్పలేదు.